తిరుపతిలో మెస్‌ని డెలివరీ యాప్‌లో పెట్టాలంటే: లైసెన్సు, జీఎస్టీ, కమీషన్ లెక్క

కొర్లగుంట టిఫిన్స్ | 6 డిసెంబర్ 2025

పొద్దున టిఫిన్లు, రాత్రి బిరియాని. పది కుర్చీల మెస్. స్విగ్గీ, జొమాటో రెండింట్లోనూ పెట్టాలి. జీఎస్టీ నంబరు లేదు. కౌంటర్ మీద ఏడాదికి 9 లక్షలు, యాప్ మీద 13 లక్షల దాకా వస్తుందని అంచనా. 'జీఎస్టీ యాప్ వాళ్లే కడతారు, నీకు పనే లేదు' అంటుండారు. నిజమేనా? 300 రూపాయల బిరియాని పోతే చేతికి ఎంతొస్తుంది?

పద్దుల స్వామి | 6 డిసెంబర్ 2025

సగమే నిజం. 2022 జనవరి 1 నుంచి జీఎస్టీ చట్టం సెక్షన్ 9(5) కింద, యాప్ ద్వారా పోయే రెస్టారెంటు భోజనం మీద 5 శాతం యాప్ కంపెనీయే వసూలు చేసి కట్టాలి. హోటలుకు నంబరు ఉన్నా లేకున్నా అంతే. ఏడాది అమ్మకం 20 లక్షల లోపు ఉన్నోళ్లు యాప్‌లో పెట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు కూడా.

తిరకాసు ఎక్కడంటే, పన్ను యాప్ కట్టినా ఆ అమ్మకం మీ టర్నోవర్‌లోనే కలుస్తుంది. 9 + 13 = 22 లక్షలు. 20 దాటిన రోజు నుంచి 30 రోజుల్లోపు రిజిస్ట్రేషన్‌కి అప్లై చేయాలి. ఆ తర్వాత కౌంటర్ మీద అమ్మే ఇడ్లీకి కూడా 5 శాతం. చాలామంది కౌంటర్ లెక్క ఒక్కటే చూసుకుని నిమ్మళంగా ఉంటారు. నోటీసు వచ్చేది ఇక్కడే, ఎందుకంటే యాప్ మీ పాన్ మీద టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తుంది, మొత్తం అమ్మకం 26ఏఎస్‌లో (మీ పాన్ మీద పట్టిన పన్ను చూపే పత్రం) కనబడుతూనే ఉంటుంది.

ఈ టీడీఎస్ 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194-ఓ కింద. 2024 అక్టోబర్ 1 నుంచి 0.1 శాతం, అంతకుముందు 1 శాతం. పాన్ ఇవ్వకపోతే 5 శాతం పోతుంది. ఆదాయపు పన్ను రిటర్నులో వెనక్కి వస్తుంది గానీ అందాకా డబ్బు ఇరుక్కుంటుంది.

బైరాగిపట్టెడ క్యాటరింగ్ | 6 డిసెంబర్ 2025

లెక్క ఇదిగో. కమీషన్ ఒప్పందాన్ని బట్టి మారుతుంది, ఇక్కడ 22 శాతం అనుకుందాం.

బిరియాని 300, ప్యాకింగ్ 20, మొత్తం 320. కస్టమర్ దగ్గర పైన 16 రూపాయల జీఎస్టీ తీసుకుంటారు, అది మీ చేతికి రాదు, మీ నుంచి పోదు. 320 మీద కమీషన్ 70.40. కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ 12.67. టీడీఎస్ 32 పైసలు. మీ ఖాతాలో పడేది 236.61.

ఆ 12.67 తిరిగి రాదు. రేపు మీరు జీఎస్టీ నంబరు తీసుకున్నా 5 శాతం స్లాబులో ఇన్‌పుట్ క్రెడిట్ (ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) లేదు కాబట్టి అది ఖర్చే. అంటే 22 శాతం అని సంతకం పెడితే నిజానికి పోయేది 26 శాతం.

ఇంకో చోట దెబ్బ పడేది డిస్కౌంటులో. 60 రూపాయల డిస్కౌంటు మీరు భరిస్తున్నారు అనుకోండి. కమీషన్ 320 మీద వేస్తే టీడీఎస్ పక్కన పెట్టి మిగిలేది 176.93. డిస్కౌంటు పోను 260 మీద వేస్తే 192.50. ఒక్క ఆర్డరుకే 15.57 తేడా. ఒప్పందంలో 'కమీషన్ దేని మీద' అన్న వాక్యం వెతికి చదవండి. ప్యాకింగ్ చార్జీ మీద కూడా కమీషన్ పడుతుందా అన్నది అక్కడే ఉంటుంది. బాక్సు, కవరు, సాలన్ డబ్బా కలిపి 16 అయిందంటే 20 రూపాయల్లో 5.19 కోత పోను మిగిలేది 14.81. ప్యాకింగే నష్టం.

ఎం.ఆర్.పల్లి ఫుడ్ | 7 డిసెంబర్ 2025

జీఎస్టీకి ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు చూసుకో అన్నా. ఆ నంబరు లేకుండా యాప్ మెనూ ఎక్కించకూడదు.

2025 నాటి లెక్కన 12 లక్షల లోపు టర్నోవర్‌కి రిజిస్ట్రేషన్, ఏడాదికి 100 రూపాయలు. 12 లక్షలు దాటితే స్టేట్ లైసెన్సు, నీలాంటి హోటలుకు ఏడాదికి 2,000. నీ అంచనా 22 లక్షలు, కాబట్టి మొదటే లైసెన్సుకు పో. ఏజెంట్లు సులువని రిజిస్ట్రేషనే చేసి చేతిలో పెడతారు. తేడా కనిపెట్టడం తేలిక: 14 అంకెల నంబరులో మొదటిది 1 అయితే లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్. అప్లికేషన్ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫోస్కోస్ పోర్టల్‌లో నువ్వే పెట్టుకోవచ్చు. లైసెన్సుకు వంటగది ప్లాను, నీళ్ల పరీక్ష రిపోర్టు, అద్దె అగ్రిమెంటు, సామాన్ల జాబితా రెడీగా పెట్టుకో. బోరు నీళ్లయితే పరీక్ష ముందే చేయించు, ఆలస్యమంతా ఆడే.

ఈ నంబరు 2022 జనవరి 1 నుంచి ప్రతి బిల్లు మీద ఉండాలి, కౌంటర్ బిల్లు కూడా.

పాత చిత్తూరు | 7 డిసెంబర్ 2025

ఒక చిన్న సంగతి. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు తీసుకున్న కాగితాల్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. లైసెన్సులో ఒక జిల్లా, కరెంటు బిల్లులో ఇంకో జిల్లా ఉంటే అప్లికేషన్ వెనక్కి కొట్టే వీలుంది. పాత లైసెన్సు ఉన్నోళ్లు మాడిఫికేషన్ పెట్టి సరిచేసుకున్నాకే యాప్‌లో అప్‌లోడ్ చేయండి.

రేణిగుంట రుచులు | 7 డిసెంబర్ 2025

అసలు యాప్ ఆర్డరు ఆర్డరుకీ కస్టమర్ దగ్గర తీసుకునే ఆ ప్లాట్‌ఫాం ఫీజే చట్టవిరుద్ధం కదా? గవర్నమెంటు డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తులు) అని నిషేధించింది.

పద్దుల స్వామి | 7 డిసెంబర్ 2025

కాదు. 2023 నవంబర్ 30 మార్గదర్శకాల్లో 13 రకాలు ఉన్నాయి, ఫీజు ఇంత దాటకూడదన్న హద్దు మాత్రం అందులో లేదు. అడ్డుకునేది దాచిపెట్టడాన్ని. మొదట ఒక ధర చూపించి డబ్బు కట్టే చోట ఇంకో ధర చేయడం, అడగకుండానే విరాళమో ఇంకొకటో బుట్టలో వేయడం, ఇవి తప్పు. ముందే చూపించిన ఫీజును దీంతో కొట్టేయలేం. అది ఎక్కువా తక్కువా అన్నది వేరే గొడవ.

రేణిగుంట రుచులు | 7 డిసెంబర్ 2025

సరే. మరి బిరియాని బదులు కుస్కా (ముక్కల్లేని బిరియాని అన్నం) వచ్చి, యాప్ చాట్‌లో 'క్షమించండి' అని మూసేస్తే?

కపిలతీర్థం రోడ్ | 8 డిసెంబర్ 2025

చాట్ వేరు, గ్రీవెన్స్ ఆఫీసర్ (కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారి) వేరు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ ఆఫీసర్ పేరు, ఫోను వివరాలు యాప్‌లో పెట్టి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. రాతపూర్వకంగా పంపండి. సీలు తెంచకముందు ఒక ఫొటో, తెంచాక ఒకటి, బిల్లు స్క్రీన్‌షాట్ ఒకటి. తర్వాత 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు.

భోజనం చెడిపోయి ఉంటే మాత్రం దారి వేరు: ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫిర్యాదుల యాప్ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో పెట్టండి.

బైరాగిపట్టెడ క్యాటరింగ్ | 8 డిసెంబర్ 2025

హోటలు వైపు నుంచి కూడా ఆ ఫొటోలే కాపాడతాయి. మూత మీద టేపు అంటించి, ఆర్డరు నంబరు కనబడేట్టు ఒక ఫొటో తీసి పంపితే 'ఐటం తగ్గింది' అని అడిగే రీఫండును కాదనడానికి ఆధారం ఉంటుంది.

ప్లాస్టిక్ స్పూన్లు, ఫోర్కులు 2022 జులై 1 నుంచి నిషేధం, చెక్కవి వేయండి. క్యారీ బ్యాగు ప్లాస్టిక్‌దైతే 120 మైక్రాన్లకు తగ్గకూడదు. దోసెను న్యూస్‌పేపర్లో చుట్టడం తప్పు, సిరా నూనెకు కరుగుతుంది. అరిటాకు ముక్క వేసి బటర్ పేపర్ చుడితే సరిపోతుంది.

కొర్లగుంట టిఫిన్స్ | 8 డిసెంబర్ 2025

చాలా థాంక్స్ అన్నా అందరికీ. జీఎస్టీ నంబరు తీసుకున్నాక యాప్ అమ్మకాన్ని రిటర్నులో యాడ చూపించాలి? రెండుసార్లు పన్ను పడుతుందేమోనని భయం.

పద్దుల స్వామి | 8 డిసెంబర్ 2025

పడేది తప్పు పెట్టెలో రాస్తేనే. జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్ను) టేబుల్ 14(బి)లో యాప్ జీఎస్టీ నంబరు, అమ్మకం విలువ వేయండి. అది జీఎస్టీఆర్-3బిలో (పన్ను కట్టే రిటర్ను) 3.1.1(ii)లోకి వస్తుంది, అక్కడ పన్ను గడి ఉండదు. అలవాటు కొద్దీ 3.1(ఎ)లో కలిపేస్తే మళ్లీ 5 శాతం కట్టాల్సి వస్తుంది. విలువ వేసేటప్పుడు ఖాతాలో పడిన 236.61 కాదు, 320 వేయాలి. కమీషన్ మీ ఖర్చు, అమ్మకంలోంచి తీసేయకూడదు.

షెల్ఫులో పెట్టి అమ్మే మైసూర్‌పాక్ డబ్బాలు, చిప్స్ ప్యాకెట్లు యాప్‌లో పెడితే అవి రెస్టారెంటు సేవ కిందికి రావు. వాటి పన్ను మీరే కట్టాలి, యాప్ 0.5 శాతం టీసీఎస్ (మీ పేరున ముందే పట్టే జీఎస్టీ) పట్టుకుంటుంది. కొత్తలో వాటిని మెనూలో పెట్టకండి, లెక్క రెండు రకాలవుతుంది.