నేపాల్ బౌద్ధ విహారాల్లో చెక్క బొమ్మలు ఎట్ల ఎత్తకపోయినారు? తెలిసినోళ్ళు చెప్పండి

కపిలతీర్థం_అబ్బాయి:
అందరికీ నమస్తే, మాది తిరుపతి. పోయిన నెల అమ్మానాయన్ని ముక్తినాథ్ యాత్రకి తీస్కపోయి వచ్చేటప్పుడు ఖాట్మండులో ఆగినాం, పశుపతినాథ్ దర్శనం అయినాక పాటన్‌లో పాత విహారాలు తిరిగినాం. ఒక చిన్న విహారంలో చూరు కింద వరసగా ఏటవాలుగా కొయ్యలు ఆనించి ఉండాయి, ఒక్కోదాని మీద ఒక్కో దేవత, మధ్యలో ఒకచోట మాత్రం బొమ్మే లేని నున్నటి కొత్త కొయ్య. ఆడుండే పెద్దాయన్ని అడిగితే పాతది దొంగలు ఎత్తకపోయినారు, కప్పు కుంగిపోకుండా ఇది పెట్టుకున్నాం అని చెప్పి ఆ నున్నటి కొయ్యకే దణ్ణం పెట్టినాడు. అప్పట్నుంచీ మనసులో మనసు లేదు. విగ్రహమంటే సంచిలో వేసుకోని పోతారు, కప్పు మోసే కొయ్యని ఎట్ల పీకతారు? పోయినవి ఎప్పుడన్నా తిరిగొచ్చినాయా?

మాధవమాల_చెక్కపని:
తమ్ముడూ, మాది తరతరాలుగా కొయ్యబొమ్మల పని. నువ్వు చూసినవాట్ని అక్కడ తుండాల్ అంటారు. కింద గోడ అంచు మీద నిలబెట్టి పైన చూరు దూలానికి ఆనిస్తారు, కప్పు బరువే దాన్ని పట్టుకోనుంటాది, కప్పు కాస్త ఎత్తితే ఊడొస్తాది. మరమ్మతుకని విప్పి మూలన పెట్టినప్పుడు ఇంకా సులువు, రాత్రికి రాత్రి మాయం. మనిషంత కొయ్య, ఒక్క మానులోంచి చెక్కింది, గోడవైపు వీపు చదునుగా వదిలేస్తారు. అట్లాంటిది యాడన్నా స్టాండ్ మీద ఒంటరిగా కనిపిస్తే అదొక ఇంటి ఎముక అని నాకు అనిపిస్తాది.

చిత్తూరు_చరిత్ర:
తిరిగొచ్చినాయి బ్రదర్. 2022లో న్యూయార్క్ రూబిన్ మ్యూజియం రెండు ముక్కలు వాపసు ఇచ్చింది, ఒకటి పాటన్ యంపి మహావిహారంలో చెక్కతో చేసిన తోరణం పైభాగం, 17వ శతాబ్దానిది, రెండోది ఖాట్మండులో ఇటుంబహాల్ అనే విహారం కిటికీలో పూలదండ పట్టుకోని ఎగిరే బొమ్మ, 14వ శతాబ్దం. అదే ఏడు న్యూయార్క్‌లోనే ఉండే మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా ఇటుంబహాల్ సాలభంజిక కొయ్యని వెనక్కిచ్చింది, అది 13వ శతాబ్దం. చిన్నప్పుడు విక్రమార్కుడి సింహాసనం కథల్లో విన్నామే సాలభంజికలు, అవే.

మనకీ జరిగింది ఇది. ప్రకాశం జిల్లా చందవరం స్తూపం తెలుసా, గుండ్లకమ్మ ఒడ్డున. అక్కడి సున్నపురాయి పలక ఒకటి, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల బొమ్మలుంటాయి దానిమీద, దొంగల చేతులు మారి 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది, వాళ్ళు డబ్బులిచ్చి కొన్నారు. అది ఇక్కడ ఉన్నప్పటి పాత ఫోటో బయటపడినాకే 2016లో తిరిగిచ్చినారు. ఆ ఫోటో లేకుంటే మనదని ఎట్ల నిరూపిస్తాం చెప్పండి.

మాధవమాల_చెక్కపని:
అవునన్నా, ఫోటో తీసేటప్పుడు బొమ్మ మొహం ఒక్కటే కాదు, అది ఉన్న గోడతో సహా తీయాల. పగుళ్ళు, విరిగిన వేళ్ళు దగ్గరగా తీసి పెట్టుకోవాల. ఒకే అచ్చులో చెక్కినట్టుండే బొమ్మల్ని గుర్తుపట్టేది పగుళ్ళతోనే.

కపిలతీర్థం_అబ్బాయి:
చాలా థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. చంద్రగిరి పక్కన మా అమ్మమ్మోళ్ళ ఊర్లో పాడుబడిన గుడి ఒకటుంది, పూజలు ఆగిపోయి చానా ఏళ్ళయింది, స్తంభాలన్నీ బొమ్మలే, తలుపు కూడా లేదు. ఈ ఆదివారం పొద్దున్నే పోయి ఒక్కో స్తంభం నాలుగు పక్కలా ఫోటో తీస్తా, కొలతలకి టేప్ రెండో పక్క పట్టుకునేదానికి ఎవరన్నా వస్తారా?