అప్‌డేట్: కారు కుదుపులకు కారణం థ్రాటిల్ పొజిషన్ సెన్సారే

మా పాత పెట్రోల్ కారు నెమ్మదిగా నడిపేటప్పుడు కుదుపులిస్తోందని, ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరగడం) నిలకడగా లేదని అడిగాను కదా, తీరింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్‌ని (ఇంజిన్‌కి గాలి వదిలే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో కారు కంప్యూటర్‌కి చెప్పేది) మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) పెట్టి చూడమన్న మాటే పనిచేసింది.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, యాక్సిలరేటర్ పెడల్ మెల్లగా నొక్కుతుంటే సెన్సార్ సిగ్నల్ సుమారు 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా సాఫీగా పెరగాలి. మా దాంట్లో పెడల్ కొంచెం నొక్కగానే రీడింగ్ ఠక్కున పడిపోయి మళ్లీ లేచేది. రోజూ పెడల్ ఎక్కువగా ఉండేది ఆ చోటే కాబట్టి సెన్సార్ లోపలి ట్రాక్ (కాంటాక్ట్ జారే పట్టీ) అక్కడ అరిగిందని మెకానిక్ అన్నాడు. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్‌లో వచ్చిన పీ0121 కోడ్ కూడా ఈ సెన్సార్ లోపానిదే. సెన్సార్ కనెక్టర్, దానికి వచ్చే 5 వోల్టుల సప్లై బాగానే ఉన్నాయి.

సెన్సార్ మార్చి, ఐడిల్ రీలెర్న్ (కంప్యూటర్ ఐడ్లింగ్‌ని మళ్లీ సెట్ చేసుకునేలా చేయడం) చేయించాక కుదుపులు లేవు. ప్లగ్గులకీ ఫ్యూయల్ ఫిల్టర్‌కీ దీనితో సంబంధమే లేదు. మాది కేబుల్ థ్రాటిల్ (పెడల్ నుంచి తీగతో లాగేది) కాబట్టి సెన్సార్ విడిగా దొరికింది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (మోటార్‌తో తెరుచుకునేది) ఉన్న చాలా కార్లలో థ్రాటిల్ బాడీ (థ్రాటిల్ ఉండే భాగం) మొత్తం మార్చాల్సిందే, జేబుకి చిల్లే.