మాక్రోలు లెక్కపెడితే ఒంట్లో కొవ్వు తగ్గుతుందా?

ప్రశ్న: కొంతకాలంగా తిన్నదంతా యాప్‌లో రాస్తున్నానండీ. మాక్రోలు, అంటే తిండిలోని మూడు ప్రధాన పోషకాలు, పిండిపదార్థాలు 40, ప్రోటీన్ 30, కొవ్వు 30 శాతం అని పెట్టుకున్నా. రోజూ రాత్రయ్యేసరికి ఒకటి దాటిపోయి ఇంకొకటి మిగిలిపోతోంది. బరువు మాత్రం 70 కిలోల దగ్గరే ఆగింది. జిమ్‌కి వెళ్తున్నాను. ఈ లెక్కలతో నిజంగా కొవ్వు కరుగుతుందా, మానేయమంటారా?

జవాబు: మానేయకండి. కానీ మూడు అంకెల వెంటా పడటం ఆపండి. ఒంటికి ఖర్చయ్యేదాని కన్నా తక్కువ క్యాలరీలు తింటేనే కొవ్వు తగ్గుతుంది. నిష్పత్తి ఎంత చక్కగా కుదిరినా మొత్తం ఎక్కువైతే లాభం లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిలో కొందరికి కొవ్వు, మిగతావారికి పిండిపదార్థాలు తగ్గించి ఏడాది చూశారు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ప్రోటీన్ సంగతి వేరు. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. సరిపడా ప్రోటీన్ తింటూ బరువులెత్తితే కండ చాలావరకు నిలుస్తుంది, తగ్గేదాంట్లో కొవ్వు వాటా పెరుగుతుంది. పైగా ఆకలి త్వరగా వేయదు. ప్రోటీన్‌ని అరిగించుకోవడానికే అందులోని క్యాలరీల్లో 20-30 శాతం ఖర్చవుతాయి. కిలో బరువుకి 1.6 గ్రాముల లెక్కన మీకు రోజుకి 112 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

మీ లక్ష్యం 1800 క్యాలరీలనుకుందాం. గ్రాము ప్రోటీన్‌కి 4 చొప్పున 112 గ్రాములకి 448 పోతాయి. మిగిలిన 1350ని పిండిపదార్థాలు, కొవ్వు ఎలా పంచుకున్నా నాకు అభ్యంతరం లేదు. కొవ్వుని మరీ అడుగంటనివ్వకండి, అంతే.

ప్రశ్న అడిగినవారు: నా లక్ష్యం కూడా 1800 లోపేనండీ. యాప్ కూడా దాటలేదనే చూపిస్తోంది. మరి ఎందుకు తగ్గట్లేదు?

ఇంకొకరి జవాబు: రాసినదానికీ తిన్నదానికీ తేడా ఉండి ఉంటుంది. 1992లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎంత డైట్ చేసినా తగ్గట్లేదన్నవాళ్లు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పినట్టు తేలింది. కాబట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, ఇది అందరికీ జరిగేదే.

ముందు నూనె చూడండి. ‘ఒక చెంచా’ అని రాసేస్తాం, సీసా వంచితే ఎంత పడిందో ఎవరు చూశారు? వంటింటి త్రాసు మీద నూనె సీసా పెట్టి సున్నా చేయండి. మూకుడులో పోసి సీసాని మళ్లీ త్రాసు మీద పెట్టండి. మైనస్ 24 అని చూపిస్తే 24 గ్రాములు పోసినట్టు, అంటే దాదాపు 216 క్యాలరీలు. అదే ఒక పెద్ద చెంచా అయితే 14 గ్రాములు, 125 దగ్గర ఉంటుంది. రోజుకి రెండు వంటలు ఇలా సాగితే మీరు తగ్గించాననుకున్నదాంట్లో చాలా భాగం అక్కడే పోతుంది.

రెండోది, పచ్చి బరువా ఉడికిన బరువా అన్నది. గింజలు ఉడికితే నీళ్లు పీల్చుకుని బరువు రెండు మూడింతలవుతాయి. పచ్చివి తూచి, యాప్‌లో ఉడికినవి ఎంచుకుంటే లెక్క పూర్తిగా తప్పిపోతుంది. రుచి చూసినవీ, పిల్లలు వదిలేస్తే తిన్నవీ కూడా రాయండి.

ఇంకొకరు: ఒక్కరోజు బరువు చూసి బెంగ పెట్టుకోకండి. ఉప్పు, పిండిపదార్థాలు ఎక్కువ తిన్న మర్నాడు ఒంట్లో నీరు నిలిచి కిలో పెరగడం మామూలే. రోజూ పొద్దున్నే చూసుకుని వారం సగటుని ముందు వారం సగటుతో పోల్చండి, నడుము కొలత కూడా రాసుకోండి. అంకె దాటితే భయం వేస్తున్నా, తిన్నందుకు తప్పు చేసినట్టు అనిపిస్తున్నా లెక్కలు వెంటనే ఆపేయండి. తిండి విషయంలో అలాంటి ఇబ్బంది ముందే పడ్డవాళ్లకి ఈ పద్ధతి అసలు వద్దు.

ప్రశ్న అడిగినవారు: జీవితాంతం ఇలా తూచుకుంటూ ఉండాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు: అక్కర్లేదండీ. కొన్ని వారాలు తూస్తే కంటికే అంచనా వచ్చేస్తుంది. ఇప్పటికి మూడు వారాలు నూనెతో సహా తూచి రాయండి. సగటు అప్పటికీ కదలకపోతే 1800ని 1650 చేయండి. ఆ 150 పిండిపదార్థాల్లోంచో కొవ్వులోంచో తీయండి, ప్రోటీన్ జోలికి మాత్రం వెళ్లకండి.