ఒడ్డుకు తారు ముద్దలు కొట్టుకొస్తున్నాయి – మీ ఊళ్ళోనూ ఉన్నాయా?

రేవుకుర్రాడు (వజ్రపుకొత్తూరు)
ఈ వారమంతా మా ఒడ్డున నల్ల ముద్దలు కనిపిస్తున్నాయి. చిన్నవి గోలీలంత, పెద్దవి అరచేయంత. పొద్దున్నే గట్టిగా ఉంటాయి. ఎండెక్కితే మెత్తబడి, ఇసుకా గవ్వముక్కలూ అంటించుకుని కాళ్ళకు పట్టేస్తాయి. నిన్న అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగితే సంచి దగ్గర వల కళ్ళన్నీ నలుపే. కవళ్ళు, నెత్తళ్ళు బాగానే పడ్డాయి గానీ బుట్టల్లో పోసేసరికి కిరసనాయిలు వాసన. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు వాసన చూసి తిరిగి వెళ్ళిపోయారు. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, ఈలోగా నాలుగు డబ్బులు చూసుకోవాల్సిన రోజులివి.

తెలిసినవాళ్ళు చెప్పండి: ఇది ఎక్కడి నుంచి వస్తోంది? వల ఎలా బాగుచేసుకోవాలి? ఆ చేప తినొచ్చా? నష్టం ఎవరిని అడగాలి?

చింతపల్లి_తీరం
మా పూసపాటిరేగ వైపు కూడా వచ్చాయి తమ్ముడూ, మీకంటే ముందే. పోయిన ఏడాదీ ఇదే కాలంలో వచ్చాయి. అప్పుడు ఎవరో వచ్చి ఫొటోలు తీసుకున్నారు, పేర్లు రాసుకున్నారు, మళ్ళీ కనపడలేదు. పిల్లలు వాటితో ఆడుకుని ఒంటికి పూసుకుంటే దద్దుర్లు లేచాయి. దయచేసి పిల్లల్ని దూరంగా ఉంచండి. ఒంటికి అంటితే కిరసనాయిలు, పెట్రోలు వద్దు. కొబ్బరినూనెతో రుద్ది, తర్వాత సబ్బు పెట్టి కడగండి.

సెకండ్_ఇంజనీర్
నేను సరుకు నౌకల్లో ఇంజన్‌రూమ్‌లో పనిచేసేవాణ్ణి, చూసిందే చెబుతున్నాను. ఇంజన్‌రూమ్ అడుగున చేరే నూనె నీళ్ళను బిల్జ్ అంటాం. దాన్ని సెపరేటర్‌లో వేరుచేసి, పది లక్షల పాళ్ళలో నూనె 15 పాళ్ళు మించకపోతేనే సముద్రంలోకి వదలాలి. ప్రతిదీ ఆయిల్ రికార్డ్ బుక్‌లో రాయాలి. నౌకల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం మార్‌పోల్ చెప్పేది అదే. కొందరు ఓనర్లు సెపరేటర్‌ను తప్పించి పక్క నుంచి పైపు వేయిస్తారు, రాత్రిళ్ళు తిప్పేస్తారు. మా వాళ్ళు దాన్ని మ్యాజిక్ పైప్ అంటారు. పోర్టులో ఆ వ్యర్థాన్ని అప్పజెప్పాలంటే డబ్బు కట్టాలి, టైమ్ పోతుంది, అందుకని.

ముడిచమురు ట్యాంకర్ల సంగతి వేరు. ట్యాంకులు కడిగిన నూనె నీళ్ళను తీరానికి 50 నాటికల్ మైళ్ళ అవతల, నడుస్తూ మైలుకు 30 లీటర్ల నూనె మించకుండా వదలడానికి నిబంధనే ఒప్పుకుంటుంది. చీకట్లో ఆ గీతకు ఇవతల వదిలితే పట్టుకునేదెవరు?

ఇంకో ముఖ్యమైన సంగతి. తారు ముద్ద నిన్నమొన్న కారిన నూనె కాదు. తేలికైన భాగం ఎండకు ఆవిరైపోయి, మిగిలింది నీటితో కలిసి చిక్కబడి, అలల దెబ్బకు ముక్కలై వస్తుంది. కాబట్టి మీ ఎదురుగా లంగరు వేసి ఉన్న నౌకను తిట్టి లాభం లేదు.

టెక్కలి_మాస్టారు
పై మిత్రుడు చెప్పింది సరైనదే. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా మన తీరం వెంట నీరు దక్షిణం నుంచి ఉత్తరానికి లాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడుతుంది, అప్పుడు ఒడిశా వైపు నుంచి కిందికి వస్తుంది. ఇది మార్చి కాబట్టి మూలం దక్షిణాన వెతకాలి. దానికి తోడు గాలి వేగంలో మూడు శాతం వేగంతో నీటి మీద తేలే నూనె తెట్టు గాలి వాలుకు జరుగుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఈ లెక్కలన్నీ వేసి తెట్టు ఎటు పోతుందో చెబుతుంది.

అయితే నిష్ఠూరమైనా ఒక మాట అనాలి. మన రేవుల్లో ఫైబర్ తెప్పల ఇంజన్లకు ఆయిల్ మార్చినప్పుడు ఆ పాత ఆయిల్ ఎక్కడికి పోతోంది? ఇసుకలోకే. సముద్రాన్ని నౌకలే పాడుచేస్తున్నాయని మనం చేతులు దులుపుకుంటే ఎలా?

గంగమ్మబిడ్డ_గార
మాస్టారూ, మీరంటే గౌరవమే గానీ ఈ మాట మాత్రం ఒప్పుకోను. మా తెప్ప ఇంజన్‌లో ఆయిల్ ఎంత పడుతుంది, ఒక నౌక ట్యాంకులో ఎంత ఉంటుంది? వల పోయింది మాది, చేప అమ్ముడుపోనిది మాది, చివరికి నేరమూ మాదేనా? ఎప్పుడేం జరిగినా ముందు మత్స్యకారుడి మీదే పడతారు.

టెక్కలి_మాస్టారు
ఆవేశపడకండి బాబూ. అమెరికా జాతీయ అకాడమీలు 2022లో ఇచ్చిన నివేదిక చూడండి. ఉత్తర అమెరికా సముద్రాల్లోకి మనుషుల వల్ల చేరే నూనెలో పెద్ద వాటా నేల మీద నుంచి కొట్టుకుపోయేదేనని తేల్చారు. పెద్ద ట్యాంకర్ ప్రమాదాలు 1970లలో ఏటా ఇరవైకి పైగా ఉండేవి, ఇప్పుడు ఒకటో రెండో. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ పగిలాక అమెరికా ట్యాంకర్లకు రెండు పొరల అడుగు ఉండాలని చట్టం చేసింది, తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. కంటికి కనిపించే ప్రమాదం తగ్గింది. కనిపించకుండా చుక్కచుక్కగా చేరేది అలాగే ఉంది.

గంగమ్మబిడ్డ_గార
అమెరికాలో ఇంటికి రెండు కార్లు. రోడ్ల మీద కారిన ఆయిలంతా వానకు కాలువల్లో పడి సముద్రంలోకి పోతుంది. మా పేటలో ఎన్ని కార్లున్నాయో వచ్చి లెక్కపెట్టుకోండి. అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ మా నెత్తిన పెడతారేంటండీ? మా రేవులో వేస్ట్ ఆయిల్ పోయడానికి ఒక డ్రమ్ము పెట్టమని పెద్దల్ని ఎన్నిసార్లు అడిగామో మీకు తెలుసా? డ్రమ్ము లేదు, తీసుకెళ్ళే బండి లేదు. ముందు అవి పెట్టించండి, ఆ తర్వాత మమ్మల్ని అడగండి.

సెకండ్_ఇంజనీర్
ఇద్దరూ ఆగండి. రెండు వేరువేరు నూనెల్ని కలిపేసి కొట్టుకుంటున్నారు. తారు ముద్ద కట్టేది ముడిచమురు, లేదా నౌకలు కాల్చే బరువైన ఫర్నేస్ ఆయిల్. డీజిల్ ఇలా ముద్ద కట్టదు. తెప్ప నుంచి కారిన డీజిల్ నీటి మీద రంగురంగుల పొరగా పరుచుకుని పోతుంది. ఒడ్డున కుర్రాడు చూసినవి తెప్పల నుంచి వచ్చినవి కావు. అలాగని రేవులో పోసే పాత ఆయిల్ మంచిదనడం లేదు. అది ఒడ్డు దగ్గర చేపపిల్లకీ, పీతకీ విషం. మాస్టారు చెప్పింది నిజమే, కానీ ఈ ముద్దలకు అది జవాబు కాదు.

హేచరీ_భోగాపురం
తెట్టు అంటే మాకున్నంత భయం ఎవరికీ ఉండదు. రొయ్యపిల్ల హేచరీకి సముద్రపు నీరే ప్రాణం. మేం నీటిని ఇసుక ఫిల్టర్ గుండా పంపుతాం, అది ముద్దల్ని, చెత్తను ఆపుతుంది. నీటిలో కరిగిన నూనెను మాత్రం ఆపదు. ఒకసారి రాత్రి తెట్టు వచ్చింది. తెల్లారి చూస్తే ట్యాంకుల్లో జోయియా దశ (గుడ్డు నుంచి వచ్చాక తొలి దశల్లో ఒకటి) పిల్లలు ఈదడం మానేసి అడుగున పడి ఉన్నాయి. బ్యాచ్ మొత్తం వదిలేశాం. ముందురోజు ఎవరైనా ఒక్క ఫోన్ చేసి ఉంటే పంపులు ఆపి, నిల్వ నీటితో నెట్టుకొచ్చేవాళ్ళం. ఇన్‌కాయిస్ లెక్క వేస్తుంది సరే, ఆ లెక్క భోగాపురం ఒడ్డుకు ఎవరు మోసుకొస్తారు?

బారువ_తాబేలు
చచ్చి ఒడ్డుకు వస్తున్న తాబేళ్ళ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఆలివ్ రిడ్లే తల్లులు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలమిది. గుడ్డు పగిలి వెళ్ళిన పిల్లలు సముద్రంలో నాచూ చెత్తా పోగయ్యే చోట తేలుతూ పెరుగుతాయి. తారు కూడా అక్కడే పోగవుతుంది. మేతనుకుని మింగితే నోరు అతుక్కుపోతుంది. ఇక్కడ మేం గుడ్లు ఏరి హేచరీల్లో కాపాడి వదులుతున్నాం, అక్కడ ఇదీ పరిస్థితి.

గంగమ్మబిడ్డ_గార
అమ్మా, ఒడ్డున చచ్చిపడే పెద్ద తాబేళ్ళ నోళ్ళు తెరిచి చూడండి, తారు కనిపించదు. అవి పెద్ద బోట్లు అడుగు గీకుతూ లాగే ట్రాల్ వలల్లో పడి ఊపిరాడక చచ్చినవి. తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోవాలి కదా. తప్పించుకునే దారి ఉన్న వలలు కట్టమని చట్టం చెబుతోంది, పెద్ద బోట్లవాళ్ళు కట్టరు, కడితే చేప పోతుందంటారు. ఒడ్డుకు మా తెప్పలు తిరిగేంత దగ్గరికి వచ్చి గీకేస్తున్నారు.

బారువ_తాబేలు
పెద్దవాటి విషయంలో మీతో ఏకీభవిస్తాను. నేను చెప్పేది పిల్లల గురించి. అవి ఒడ్డుకు కొట్టుకురావు, ఎవరి కంటా పడవు.

వెరావల్_నుంచి_వచ్చాను
మన వాళ్ళు గుజరాత్ బోట్ల మీదికి ఎందుకు పోతున్నారో ఆలోచించండి. ఇక్కడ ఒడ్డున చేప లేదు. 2018లో అక్కడ బోట్లతో పాటు పాకిస్తాన్‌వాళ్ళకు చిక్కిన మన జిల్లా కుర్రాళ్ళు 2020 జనవరి దాకా ఇంటి ముఖం చూడలేదు. ఆ తల్లుల ఏడుపు నేను చూశాను. సముద్రం పాడైతే ముందు ఊరు ఖాళీ అవుతుంది. పశ్చిమ తీరంలో వానాకాలం దగ్గరపడితే గోవా ఒడ్డంతా తారే. అక్కడ టూరిస్టులు ఉన్నారు కాబట్టి పేపర్లలో వస్తుంది.

నౌపడ_ఉప్పు
మా ఉప్పు మళ్ళకు నీరు క్రీకు (సముద్రపు పాయ) నుంచే వస్తుంది. క్రీకులోకి ఒకసారి తెట్టు వస్తే ఆ సీజన్ అంతే. ఉప్పు నల్లబడితే కొనేవాడెవడు? షట్టర్లు దింపి కూర్చోవాలి. పక్కనే తేలినీలాపురం ఉంది, పెలికాన్లు ఈ క్రీకుల్లోనే మేస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో చెన్నై దగ్గర ఎన్నూరు క్రీకులోకి నూనె పోయినప్పుడు చూశాం కదా, ఇళ్ళ గోడల మీద నల్ల చారలు, మత్స్యకారులే చేతులతో, మగ్గులతో ఎత్తిపోయడం. ఇంకా ముందు, 2017 జనవరి 28న అక్కడే రెండు నౌకలు ఢీకొన్నప్పుడు మొదట పెద్దగా ఏమీ లేదన్నారు. ఆ తర్వాత వందల మంది బకెట్లతో ఎత్తారు.

కవిటి_కొబ్బరి
ఇప్పుడు మూలపేట పోర్టు కూడా వస్తోంది. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. నౌకలు పెరిగితే నూనె పెరగదా? సోంపేట బీల (చిత్తడి నేల) కోసం 2010 జులై 14న తూటాలకు ఎదురుపోయి ప్రాణాలిచ్చారు మనవాళ్ళు. పోర్టు విషయంలో నోరు మెదిపేవాళ్ళే లేరు.

రణస్థలం_2005
అన్నా, పోర్టు రావాలి. ఉద్యోగం లేక హైదరాబాద్‌లో పదిమందితో ఒక గదిలో ఉంటున్నాను. అన్నింటికీ వద్దు వద్దంటే మేం ఎక్కడికి పోవాలి?

టెక్కలి_మాస్టారు
పోర్టు వద్దనడం కంటే పోర్టులో ఏం ఉండాలో అడగడం మంచిది. నౌకల నూనె వ్యర్థాన్ని తీసుకునే ఏర్పాటు పోర్టుల్లో ఉండాలని మార్‌పోల్ చెబుతోంది. అది చవగ్గా, త్వరగా అయితే మ్యాజిక్ పైప్ అవసరం తగ్గుతుంది. తెప్పల పాత ఆయిల్‌కీ అక్కడే చోటు ఇమ్మని అడుగుదాం. గార మిత్రుడు అడిగిన డ్రమ్ము న్యాయమైన కోరికే.

రేవుకుర్రాడు (వజ్రపుకొత్తూరు)
నేను అడిగినవాటిలో మూడింటికి జవాబు రాలేదు. వల అలాగే ఎండలో పడి ఉంది.

చింతపల్లి_తీరం
వలను ఎండలో ఉంచకండి! తారు కరిగి నూలు లోపలికి దిగిపోతుంది. నీడలోకి తీసి, తెల్లవారుజామున చల్లగా గట్టిగా ఉన్నప్పుడే ముద్దల్ని గోటితోనో, వెదురు చీలికతోనో పెళ్ళగించండి. మిగిలిన మరకకు వంటనూనె పట్టించి గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్ళలో ఉతకండి. కార్కులు పీల్చుకుంటే బాగుపడవు, మార్చేయాల్సిందే. తుడిచిన గుడ్డలు, ముద్దలు గోనెసంచిలో కట్టండి. ఇసుకలో పూడ్చితే తర్వాతి పోటుకు మళ్ళీ బయటపడతాయి.

హేచరీ_భోగాపురం
చేప గురించి: వాసన వస్తే వద్దు, వండినా పోదు. చేప ఒంట్లోకి చేరిన నూనెను కాలేయం కొంతకాలానికి విరిచి బయటికి పంపేస్తుంది. కాబట్టి శుభ్రమైన నీటిలోకి వెళ్ళిన చేప కోలుకుంటుంది. ఆల్చిప్పలు అలా కాదు. నీటిని వడకట్టుకుని తింటాయి, లోపలికి పోయినదాన్ని చాలాకాలం అట్టేపెట్టుకుంటాయి. కొన్నాళ్ళు ఆల్చిప్పలు ఏరొద్దని మీ ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పండి.

సెకండ్_ఇంజనీర్
నష్టం గురించి నేను చెబుతాను. ముందు కోస్ట్‌గార్డ్ నంబరు 1554కి ఫోన్ చేయండి. దేశంలో నూనె తెట్టు మీద చర్యలకు బాధ్యత వాళ్ళదే. ఏ రోజు, ఏ ఒడ్డు, ఎంత మేర అన్నది రాసుకోండి. ట్యాంకర్ నుంచి కారితే 1992 నాటి పరిహార ఒప్పందం, ఫండ్ (అంతర్జాతీయ పరిహార నిధి) ఒప్పందం ఉన్నాయి, భారత్ రెండింటిలోనూ ఉంది. ఏ నౌకో తేలకపోయినా అది ట్యాంకర్ నూనేనని రుజువైతే ఫండ్‌ను అడగొచ్చు. నష్టం జరిగిన మూడేళ్ళలోపు వేయాలి. కేరళను చూడండి. 2025 మే 25న కొచ్చి బయట ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగితే ఆ ప్రభుత్వం హైకోర్టుకు వెళ్ళి రూ.9,531 కోట్లు అడిగింది, అదే కంపెనీ వాళ్ళ ఇంకో నౌకను విళింజంలో ఆపించింది. అక్కడ నౌక పేరు తెలుసు. మనకు ఇక్కడ తెలియదు, కాబట్టి సాక్ష్యమే దిక్కు.

ముద్దలు కొన్ని గాజు సీసాలో వేయండి, ప్లాస్టిక్ వద్దు. మూత కింద అల్యూమినియం రేకు పెట్టండి. చీకట్లో, చల్లగా ఉంచండి. సీసా మీద తేదీ, చోటు, తీసినవాళ్ళ పేరు, పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు. ప్రతి నూనెకూ దాని రసాయన జాడ ఉంటుంది, ల్యాబ్‌లో దాన్ని నౌకల నమూనాలతో పోల్చి చూస్తారు. అమ్ముడుపోని చేప తూకం, ముందు వారాల అమ్మకాల చీటీలు కూడా దాచండి. చీటీ లేని నష్టాన్ని ఎవరూ ఒప్పుకోరు.

గంగమ్మబిడ్డ_గార
మాకు చీటీలు ఎవరిస్తారు సార్? ఒడ్డున వేలం, చేతిలో డబ్బు, అంతే.

సెకండ్_ఇంజనీర్
అయితే ఈరోజు నుంచే వేలం పాడేవాళ్ళ చేత నోటు పుస్తకంలో రాయించి సంతకం పెట్టించండి. సొసైటీ సీలు ఉంటే ఇంకా గట్టిది.

చింతపల్లి_తీరం
మా ఒడ్డున ఇంకా ముద్దలున్నాయి, రేపు పొద్దున్నే సీసా నింపుతాను. కుర్రాడా, నువ్వూ రేపే తీయి. పూసపాటిరేగదీ వజ్రపుకొత్తూరుదీ ఒకే నూనె అని తేలితే రెండు జిల్లాలవాళ్ళం కలిసి ఒకే ఫిర్యాదు వేద్దాం. గార, కళింగపట్నం వాళ్ళు ఎవరైనా మధ్యలో ఒక సీసా తీస్తే ఇంకా మంచిది.