ఇంధనం, అంతరిక్షం, భద్రత: నా మూడు ఆలోచనల్లో దేన్ని ముందుకు తీసుకెళ్లాలి?

ప్రశ్న: రూపకర్త

నమస్కారం. నేను ఏ సంస్థకూ అనుబంధంగా లేకుండా, సొంతంగా యంత్ర పరికరాలకు రూపకల్పన చేస్తుంటాను. నోటు పుస్తకాల్లో పేరుకుపోయిన ఆలోచనల్లో మూడింటి మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అయితే ఒక్క మనిషికి ఉండే సమయం, డబ్బు మూడింటికీ చాలవు. అందువల్ల వీటిలో దేన్ని ఎంచుకోవాలో, ఎంచుకున్నదాన్ని నిపుణుల ముందు పెట్టేలోపు ఏయే ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకోవాలో ఆయా రంగాల్లో పనిచేస్తున్నవారు చెప్పాలని కోరుతున్నాను.

మొదటిది విద్యుత్ నిల్వ. మూతపడిన గని బావిలో 50 టన్నుల ఇనుప దిమ్మెను, పగలు మిగిలిపోయే సౌర విద్యుత్తుతో 200 మీటర్ల ఎత్తుకు లాగి నిలిపి, రాత్రి నెమ్మదిగా దించుతూ జనరేటర్‌ను తిప్పాలన్నది ఆలోచన. బ్యాటరీల్లా ఏటేటా సామర్థ్యం తగ్గదు, అంటుకుంటుందన్న భయం ఉండదు. ఒక చిన్న కాలనీకి రాత్రంతా సరిపోతుందని నా అంచనా.

రెండవది, పనికాలం ముగిసిన ఉపగ్రహాలను కక్ష్య నుంచి దించడం. ఉపగ్రహం నుంచి కిలోమీటరు పొడవైన వాహక తీగను వేలాడదీస్తే, భూమి అయస్కాంత క్షేత్రంలో అది కదలడం వల్ల విద్యుత్తు పుట్టి, ఆ ప్రవాహమే బ్రేకుగా పనిచేస్తుంది. ఉపగ్రహం పనిచేస్తున్నన్నాళ్లూ అదే తీగతో దానికి విద్యుత్తు అందిస్తే సౌర ఫలకల బరువు కూడా తగ్గించవచ్చని అనుకుంటున్నాను.

మూడవది గ్యాస్ లీకును పసిగట్టి వాల్వును మూసే పరికరం. గాలిలో గ్యాస్ శాతం ఒక హద్దు దాటగానే సెన్సర్ సంకేతంతో మోటారు తిరిగి వాల్వును మూస్తుంది, గాలి శుభ్రపడ్డాక మళ్లీ తెరుస్తుంది. దీని నమూనా నా బల్ల మీద పనిచేస్తోంది. మిగతా రెండింటి ముందు ఇది చిన్న విషయంగా తోచి చివర పెట్టాను.

సమాధానం 1: జలధార

నేను పంప్‌డ్ స్టోరేజి (నీటిని పైకి తోడి నిల్వ చేసి, దించుతూ విద్యుత్తు తీసే పద్ధతి) రంగంలో పనిచేస్తాను కాబట్టి మొదటి ఆలోచన గురించే చెబుతాను. సూత్రరీత్యా అందులో ఏ దోషమూ లేదు, చూడవలసిందల్లా పరిమాణం. 50,000 కిలోలను 9.8తోను, 200 మీటర్లతోను గుణిస్తే 9.8 కోట్ల జౌళ్లు వస్తాయి. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కాబట్టి, దానితో భాగిస్తే తేలేది 27 కిలోవాట్ అవర్లు, అంటే 27 యూనిట్లు. వించి, గేర్లు, జనరేటర్ల దగ్గర ఐదో వంతు పోతుందనుకుంటే చేతికొచ్చేవి 22 యూనిట్లు. గంటకు అర యూనిట్ వాడే ఇళ్లు నాలుగింటికి పది గంటలపాటు సరిపోతుంది. ఒక చిన్న విద్యుత్ కారు బ్యాటరీలో కూడా దాదాపు ఇంతే శక్తి పడుతుంది.

గురుత్వ నిల్వ నీటితో ఎందుకు నెగ్గిందో దీన్నిబట్టే తెలుస్తుంది. వేల్స్‌లో 1984లో ప్రారంభమైన డినోర్విగ్ కేంద్రంలో సుమారు 70 లక్షల టన్నుల నీరు దాదాపు 500 మీటర్ల ఎత్తు నుంచి దిగుతుంది. అందుకే అక్కడ సుమారు 9 గిగావాట్ అవర్లు, అంటే 90 లక్షల యూనిట్లు నిల్వ ఉంటాయి. నీటిని పోత పోయనక్కర్లేదు, తాళ్లకు కట్టనక్కర్లేదు, కొండ మీద చెరువుంటే చాలు. అంత బరువును ఇనుములోనో కాంక్రీటులోనో సమకూర్చుకోవాలంటే ఆ దిమ్మెల ఖర్చే ప్రాజెక్టును మింగేస్తుంది.

అయినా మీ ఆలోచనను పక్కన పడేయమని నేను అనను, ఎందుకంటే ఎంత శక్తి దాచామన్నది ఒక లెక్కయితే, దాన్ని ఎంత త్వరగా ఇవ్వగలమన్నది మరో లెక్క. గ్రావిట్రిసిటీ అనే సంస్థ 2021లో స్కాట్లాండ్‌లోని లీత్ రేవులో 15 మీటర్ల చట్రం నిలబెట్టి, 25 టన్నుల బరువులు రెండింటితో 250 కిలోవాట్ల నమూనాను నడిపింది. అందులో నిల్వ ఉండేది మహా అయితే రెండు యూనిట్లే, పూర్తి సామర్థ్యంతో నడిపితే అర నిమిషంలోపే అయిపోతుంది. ఆ ప్రయోగం చూపింది స్పందించే వేగాన్ని: సెకనులోపే పూర్తి శక్తిని ఇవ్వగలగడం, సరఫరా, వాడకాల మధ్య తేడా వచ్చి గ్రిడ్ ఫ్రీక్వెన్సీ తడబడినప్పుడు ఆదుకోవడం. మీ దిమ్మెకు గిరాకీ ఉంటే అక్కడ ఉంటుంది, కాలనీకి రాత్రంతా దీపాలు వెలిగించే పనిలో కాదు. అయితే ఆ పనికి రోజూ ఎన్నోసార్లు ఎక్కి దిగాలి కాబట్టి, అన్ని వంపులకూ తాడు ఎన్నేళ్లు ఆగుతుందన్న ప్రశ్న మొదట వస్తుంది. ఆ లెక్క లేకుండా ఎవరి దగ్గరికీ వెళ్లకండి.

సమాధానం 2: కక్ష్యామార్గం

రెండో ఆలోచనలో సగం నిలుస్తుంది, సగం నిలవదు. నిలవనిదేదో ముందు చెబుతాను. తీగ నుంచి వచ్చే విద్యుత్తు ఊరికే రాదు, ఉపగ్రహం వేగంలోంచి వస్తుంది. ఉపగ్రహం సెకనుకు 7.5 కిలోమీటర్ల వేగంతో పోతోందని, అయస్కాంత క్షేత్రం 30 మైక్రోటెస్లాలు ఉందని అనుకుంటే, కిలోమీటరు తీగలో సుమారు 200 వోల్టులు పుడతాయి. ఒక ఆంపియర్ ప్రవహిస్తే 200 వాట్లకు పైగా వస్తుంది, అంత శక్తినీ కక్ష్యే కోల్పోతుంది. పనిచేస్తున్న ఉపగ్రహాన్ని ఆ ఎత్తులో నిలపాలంటే థ్రస్టర్‌తో తిరిగి తోయాలి, అందుకు ఇంధనం మోయాలి. సౌర ఫలకల దగ్గర మిగిలిన బరువు అక్కడ ఖర్చవుతుంది.

ఇక బ్రేకు సంగతి. ఒక ఆంపియర్‌కు వచ్చే బలం 0.03 న్యూటన్, అంటే మూడు గ్రాముల బరువంత. అయినా ఆ కాస్త బలమే, అన్నీ అనుకూలిస్తే, 500 కిలోల ఉపగ్రహాన్ని 800 కిలోమీటర్ల ఎత్తు నుంచి 300 కిలోమీటర్లకు సుమారు రెండు నెలల్లో దించగలదు. ధ్రువాల మీదుగా పోయే కక్ష్యల్లో క్షేత్రం దిశ కలిసిరాదు కాబట్టి ఇంకా చాలా ఆలస్యమవుతుంది, దించవలసిన ఉపగ్రహాల్లో చాలావరకు అలాంటి కక్ష్యల్లోనే ఉన్నాయి. ఆంపియర్ ప్రవహిస్తుందన్నది కూడా ఊరికే అనుకోకూడదు. తీగ ఒక కొనలో చుట్టూ ఉన్న ప్లాస్మా (విద్యుదావేశమున్న పలుచని వాయువు) నుంచి ఎలక్ట్రాన్లను పట్టాలి, రెండో కొనలో వదలాలి, లేకపోతే వలయం పూర్తి కాదు. పైకి పోయేకొద్దీ ప్లాస్మా పలచబడుతుంది.

ఇప్పటివరకు దెబ్బతిన్న ప్రయోగాలు ఎక్కువగా సూత్రం దగ్గర కాక తీగ దగ్గరే దెబ్బతిన్నాయి. 1996 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి వదిలిన టెథర్ (ఇలాంటి వేలాడే తీగ) 20.7 కిలోమీటర్లకు గాను 19.7 కిలోమీటర్లు విచ్చుకుని, సుమారు 3,500 వోల్టులు చూపించి, ఇన్సులేషన్ లోపమున్న చోట విద్యుత్ చాపం పుట్టడంతో కాలి తెగిపోయింది. 2017లో జపాన్ సరుకు రవాణా అంతరిక్ష నౌక మీద చేసిన కైట్ ప్రయోగంలోనైతే 700 మీటర్ల తీగ అసలు విచ్చుకోనే లేదు. కాబట్టి మీరొక్కరే చేయగలిగిన పని ఏదైనా ఉందంటే, అది చుట్టను విప్పే యంత్రాంగం మీదే ఉంది: ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్న పట్టీ అతుక్కుపోకుండా, మెలిపడకుండా, చివర జర్కు లేకుండా ఎలా విచ్చుకోవాలి? గుండ్రని తీగ కంటే పలుచని పట్టీ మేలు, చిన్న ఉల్క తునక తగిలినా తూటు పడుతుందే తప్ప తెగదు. గిరాకీ విషయంలో అనుమానం అక్కర్లేదు. పని ముగిశాక ఉపగ్రహాన్ని దించడానికి ఇచ్చే గడువును అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ 2022లో 25 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు తగ్గించింది.

సమాధానం 3: భద్రతా తనిఖీదారు

మూడోదాన్ని చిన్న విషయమనడం నాకు బాధ కలిగించింది. మీ మూడింటిలో మనిషి ప్రాణానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదే, మీరొక్కరే బల్ల మీద పూర్తి చేయగలిగిందీ అదే. అయితే ఇప్పుడున్న రూపంలో దాన్ని నేను ఆమోదించను.

కారణం మోటారు. లీకు వచ్చినప్పుడు కరెంటు ఉంటేనే మీ వాల్వు మూసుకుంటుంది. తీగ ఊడినా, ఫ్యూజు పోయినా, సెన్సర్ చచ్చినా వాల్వు తెరిచే ఉంటుంది, బయటికి మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. భద్రతా పరికరంలో ఏ భాగం చెడినా అది సురక్షితమైన వైపుకే ఒరగాలి. అమెరికా ఆవిష్కర్త వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చిన రైలు బ్రేకుకు కూడా ఇదే లోపం ఉండేది: గాలి పంపితేనే బ్రేకు పడేది, గొట్టం తెగితే బ్రేకే ఉండేది కాదు. 1872లో ఆయన దాన్ని తిరగేశారు. గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకులు వదిలి ఉంటాయి, ఒత్తిడి పడిపోతే వాటంతట అవే పడతాయి. 1854లో లిఫ్ట్ భద్రతా పరికరం రూపకర్త ఓటిస్ న్యూయార్క్ ప్రదర్శనలో జనం చూస్తుండగా లిఫ్ట్ తాడు తెగ్గొట్టించినప్పుడు వేదికను ఆపింది కూడా అదే పద్ధతి. తాడు బిగువే స్ప్రింగును అణిచిపెట్టింది, బిగువు పోగానే స్ప్రింగు విడివడి పట్టుకుంది.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ గ్యాస్ హీటర్లలోనే దొరుకుతుంది. మంటలో పెట్టిన థర్మోకపుల్ (వేడి తగిలితే కాస్త విద్యుత్తు పుట్టించే రెండు లోహాల జంట) నుంచి 20, 30 మిల్లీవోల్టులు వస్తాయి. ఆ కాస్త కరెంటుతో ఒక చిన్న విద్యుదయస్కాంతం వాల్వును తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే థర్మోకపుల్ చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు వాల్వును మూస్తుంది. అందులో బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. దాన్ని ఒకసారి విప్పి చేత్తో నొక్కి చూడండి, మీ వాల్వు ఎలా ఉండాలో అర్థమవుతుంది.

సెన్సర్ విషయానికొస్తే, టిన్ ఆక్సైడ్ రకం సెన్సర్లు సిలికోన్ సీలెంట్ల ఆవిరి తగిలితే క్రమంగా మొద్దుబారతాయి. సెన్సర్ లోపలి హీటర్ కరెంటు ఆగిందో లేదో సర్క్యూటే కనిపెట్టి, ఆగితే దాన్ని లీకుగానే లెక్కించాలి. మొద్దుబారడాన్ని మాత్రం సర్క్యూటు పట్టలేదు, అందుకు గడువు ప్రకారం పరీక్షించి మార్చడమే దారి. మీరు చెప్పిన ఒకే హద్దు కూడా అన్ని వాయువులకూ పనికిరాదు. గాలిలో మీథేన్ సుమారు 5 శాతం దగ్గర పేలే స్థితికి వస్తే, ప్రొపేన్ 2 శాతం దగ్గరే వస్తుంది. మీథేన్ పైకి లేస్తుంది, ప్రొపేన్ నేలబారున పరుచుకుంటుంది, సెన్సర్ ఎక్కడ బిగించాలన్నది దాన్నిబట్టి ఉంటుంది. హద్దును మరీ తక్కువ పెడితే వంట ఆవిర్లకే మోగుతూ ఉంటుంది, విసిగిన మనిషి దాని తీగ పీకేస్తాడు.

అన్నిటికంటే ముందు, వాల్వు దానంతట అదే తిరిగి తెరుచుకునే ఏర్పాటును తీసేయండి. గొట్టం ఇంకా పగిలే ఉంటుంది, గాలి మాత్రం కాసేపటికి శుభ్రపడుతుంది. అప్పుడు వాల్వు తెరుచుకుంటే గ్యాస్ మళ్లీ నిండుతుంది, ఆ సమయానికి ఇంట్లో ఎవరైనా స్విచ్చు వేయవచ్చు. మనిషి వచ్చి, చూసి, చేత్తో తెరవాలి.

రూపకర్త

ముగ్గురికీ కృతజ్ఞతలు. గ్యాస్ వాల్వునే ఎంచుకుంటున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. స్ప్రింగు పెడితే కరెంటు పోయిన ప్రతిసారీ గ్యాస్ ఆగుతుంది కదా, అలాంటి పరికరాన్ని జనం ఉంచుకుంటారా? ఇంకొకటి, పేటెంటు దరఖాస్తు పెట్టకముందే దీన్ని నలుగురికీ చూపించవచ్చా?

సమాధానం 4: హక్కుల పత్రం

మొదటి సందేహానికి: వాల్వును తెరవడానికి పట్టే కరెంటు కంటే తెరిచి ఉంచడానికి పట్టేది చాలా తక్కువ. చిన్న బ్యాటరీ ఒకటి పెడితే గంటల తరబడి నిలబెడుతుంది, బ్యాటరీ నీరసించాక మాత్రం వాల్వు మూసుకుపోవలసిందే.

రెండవదానికి: నిర్మాణ వివరాలు చూపించవద్దు. యూరప్‌లో దరఖాస్తుకు ముందే బహిరంగపరచిన ఆవిష్కరణకు సాధారణంగా కొత్తదనం పోయినట్టే, అమెరికా ఇచ్చే ఏడాది వెసులుబాటు అన్ని చోట్లా దొరకదు. ఒక దేశంలో మొదటి దరఖాస్తు వేస్తే, పారిశ్రామిక హక్కుల మీద కుదిరిన పారిస్ ఒప్పందం ప్రకారం మిగతా సభ్య దేశాల్లో వేయడానికి 12 నెలల గడువు ఉంటుంది, మొదటి దరఖాస్తు తేదీనే అక్కడా లెక్కిస్తారు, అదే తేదీ హక్కు. దరఖాస్తుతో ఖర్చు తీరిపోదు, రుసుములు కడుతూనే ఉండాలి. జెట్ ఇంజన్‌కు 1930లో పేటెంటు కోరిన ఫ్రాంక్ విటిల్ 1935లో 5 పౌండ్ల రుసుము కట్టలేక దాన్ని వదులుకున్నారు, ఆయన ఇంజన్ మొదటిసారి తిరిగింది 1937 ఏప్రిల్‌లో.

తేదీ హక్కు మీరు కాగితం మీద వివరించినదానికే వస్తుంది. కాబట్టి మోటారు తీసి స్ప్రింగు పెట్టి, చేత్తో తెరిచే మీట అమర్చి, అది పనిచేస్తోందని చూసుకున్నాకే వివరణ రాయండి. ఇప్పుడే రాస్తే మీ చేతిలో ఉండేది తనిఖీదారు గారు కాదన్న రూపం మీద హక్కు మాత్రమే.