ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్‌ను అందులోనే వర్చువల్ మెషీన్‌గా వాడితే తప్పా?

కొత్తకెర్నెల్:
ల్యాప్‌టాప్ కొన్నప్పుడే విండోస్ 11 అందులో ఉంది. దాన్ని తుడిచేసి లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకున్నాను. ఒక్క అకౌంటింగ్ ప్రోగ్రామ్ కోసం అదే విండోస్‌ను అదే ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్‌గా, అంటే లినక్స్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన ఉత్తుత్తి కంప్యూటర్‌లో, పెడితే లైసెన్సు చూపించి యాక్టివేట్ చేయమంటోంది. డబ్బు కట్టాను, యంత్రం మారలేదు, రెండు చోట్ల వాడటమూ లేదు. మళ్లీ ఎందుకు కొనాలి? అవసరం లేదనే నా వాదన.

నిబంధనరావు:
లైసెన్సు ఒప్పందం చదివారా? అందులో 'పరికరం' అంటే భౌతికమైనదైనా వర్చువల్‌దైనా ఒకటే లెక్క. కాబట్టి మీ వర్చువల్ మెషీన్ మరో పరికరం. యంత్రంతోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ యంత్రాన్ని వదిలి రాదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు అయితే పాతచోట తీసేసి ఇక్కడికి మార్చుకోవచ్చు.

కొత్తకెర్నెల్:
ఇల్లు నాదే, గది మారాను. గది మారినందుకు మళ్లీ రిజిస్ట్రేషనా?

పాతసర్వరు:
పోలిక బాగుంది. కానీ లోపల ఉన్న విండోస్‌కు మీ ఇల్లు కనిపించదు. వర్చువల్ బోర్డు, వర్చువల్ డిస్కు, నెట్‌వర్క్ కార్డు చిరునామా కనిపిస్తాయి. మీ లైసెన్సు కీ ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌లో, అంటే బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లో, ఎంఎస్‌డీఎం అనే పట్టికలో ఉంటుంది. వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్‌లో ఆ పట్టికను లోపలికి అందించి యాక్టివేట్ చేసుకునేవారున్నారు. అయితే యాక్టివేట్ కావడం వేరు, హక్కు ఉండటం వేరు. మా ఆఫీసులో సక్రమంగా కొన్న లైసెన్సు ఉన్న వర్చువల్ మెషీన్‌ను ఒక హోస్టు (దాన్ని నడిపే అసలు కంప్యూటర్) నుంచి మరో హోస్టుకు కాపీ చేసినప్పుడు నెట్‌వర్క్ కార్డు చిరునామా మారి, విండోస్ మమ్మల్నే దొంగలను చూసినట్టు చూసింది. పూట గడిచాకగానీ దారికి రాలేదు.

వాదనపిట్ట:
నిబంధనరావు గారూ, అవి శిలాశాసనాలేమీ కావు. 2007లో విండోస్ విస్టా హోమ్ ఎడిషన్లను వర్చువల్ మెషీన్‌లో వాడకూడదన్నారు, 2008 జనవరిలో ఆ నిషేధం ఎత్తేశారు. విండోస్ 7 ప్రొఫెషనల్ కొన్నవారికి పాత విండోస్ ఎక్స్‌పీని వర్చువల్ మెషీన్‌గా ఉచితంగా ఇచ్చారు. మ్యాక్ ఓఎస్ ఒప్పందమైతే ఆపిల్ కంప్యూటర్‌పైనే, అదీ అదనంగా రెండు వర్చువల్ ప్రతులే అంటుంది. ఇందులో సాంకేతిక కారణం ఎక్కడుంది? అంతా అమ్మేవారి ఇష్టం.

నిబంధనరావు:
ఇష్టమే, కాదనను. ఆ ఇష్టానికి ఒప్పుకునే వాడుతున్నాం. ఇంట్లో ఒక్కరు వాడుకుంటే ఎవరూ వచ్చి తలుపు తట్టరు. సంస్థల్లో అలా కుదరదు. సర్వర్ల కోసం అమ్మే విండోస్ సర్వర్ స్టాండర్డ్‌కు యంత్రంలోని ప్రాసెసర్ల భౌతిక కోర్లన్నింటికీ, కనీసం 16కు, లైసెన్సు తీసుకుంటే రెండు వర్చువల్ మెషీన్లకే హక్కు. మూడోది కావాలంటే ఆ కోర్లన్నింటికీ మళ్లీ కట్టాలి. 'ఒకటే యంత్రం కదా' అనుకున్నవారికి లైసెన్సుల ఆడిట్ రోజున చెమటలు పడతాయి.

పాతసర్వరు:
కొత్తకెర్నెల్ గారూ, తిప్పి పెట్టండి. ల్యాప్‌టాప్‌పై నేరుగా విండోస్, దాని లోపల వర్చువల్ మెషీన్‌గా లినక్స్. అప్పుడు ఓఈఎం లైసెన్సు దాని చోటే ఉంటుంది, లినక్స్‌కు ఈ లెక్కలే లేవు.

కొత్తకెర్నెల్:
అదే యంత్రం, అవే రెండు సిస్టమ్‌లు. ఏది బయట, ఏది లోపల అన్నదాన్ని బట్టి నేను దొంగనో దొరనో అవుతానన్నమాట! సరే, ఈ ఆదివారం తిప్పి పెడతాను. ఒప్పుకున్నానని మాత్రం అనుకోకండి.