కంపెనీ పేరున్న రామటంకా: నాణెమా, నకిలీయా, పూజా బిళ్లా?

పాతపైస:
మా తాతగారి పూజపెట్టెలో దొరికిన రాగి బిళ్లపై ఒకవైపు రామపట్టాభిషేకం, రెండోవైపు ‘ఈస్ట్ ఇండియా కంపెనీ, హాఫ్ అణా, 1818’ అనే ఆంగ్ల అక్షరాలు ఉన్నాయి. బొమ్మలు బాగా అరిగాయి కనుక ఇది కంపెనీ నాణెమేనని ఒక వ్యాపారి అంటున్నారు. బియ్యపు గింజలను తనవైపు లాక్కునే మహిమ ఉందంటూ మరొకరు లక్షల ధర మాట ఎత్తారు. పెద్దలు చెప్పగలరు.

టంకశాల:
గింజల మాట శుద్ధ మోసం. దానిని నమ్మి మన రాష్ట్రాలలో ఎందరో డబ్బు పోగొట్టుకున్నారు. ఇక నాణెం సంగతి. మన ఉత్తర సర్కారుల కోసం కంపెనీ 1794లో ఇంగ్లండులో కొట్టించిన రాగి నాణెంపై ‘రూపాయికి 48’ అనే లెక్క ఉంటుంది గాని అణా ఊసు ఉండదు. దేశమంతటికీ ఒకే తీరు అర్ధణా 1835లో వచ్చింది, దానిపై సింహాలు మోసే కంపెనీ చిహ్నం, ఆకుల దండ నడుమ విలువ ఉంటాయి, బరువు సుమారు 12.95 గ్రాములు. పైగా కంపెనీ దేవుళ్ల బొమ్మలు ఎన్నడూ వేయలేదు.

వరహా:
చివరి వాక్యం సరికాదండి. మద్రాసులో కంపెనీ ముద్రించిన ‘మూడు స్వాముల వరహా’ అనే బంగారు నాణెంపై ఉన్నది ఉభయ దేవేరులతో కూడిన వేంకటేశ్వరుడే. దేవుడి బొమ్మ ఉన్నంత మాత్రాన నకిలీ అనలేము. అసలు ఇటువంటి అర్ధణాయే లేనప్పుడు దీనిని దేనికి నకిలీ అంటారు? రామటంకాలు భక్తులు పూజలో ఉంచుకొనే బిళ్లలు, వాటికొక గౌరవం ఉంది.

టంకశాల:
వరహా గురించి మీరన్నది నిజం, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నాగరి లిపిలో రామనామం మాత్రమే ఉన్న టంకా తాను చెలామణి నాణెమని ఎక్కడా చెప్పుకోదు. కంపెనీ పేరు, విలువ, అటువంటి నాణెమే లేని కాలపు తేదీ చెక్కిన బిళ్ల మాత్రం కొనేవారిని నమ్మించడానికే పుట్టింది. పూజలో ఉంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, నాణెమని అమ్మడమే తప్పు. అరుగుదలను వయసుకు సాక్ష్యంగా తీసుకోకండి. ప్రతి శుక్రవారం చింతపండుతో తోమిన రాగి త్వరగానే నునుపెక్కుతుంది. భూతద్దంతో అంచును చూడండి.

పాతపైస:
చూశాను. అంచు చుట్టూ ఆకురాయితో రుద్దిన సన్నని అతుకు గీత ఉంది, అక్షరాల మొదళ్లలో సూదిమొనంత గుంటలు ఉన్నాయి.

వరహా:
అయితే అది లోహం కరిగించి అచ్చులో పోసినదే, కంపెనీ నాణెంలా ముద్ర వేసినది కాదు. అమ్మకానికి పెట్టకుండా మళ్లీ పూజపెట్టెలోనే ఉంచండి.